సూపర్‌హీరో చిత్రాల్లో కొత్తదనం ఎక్కడి నుంచి వస్తుంది? రాబోయే సీక్వెల్స్ మీద మీ అంచనాలేమిటి?

ప్రశ్న: తెరచాటు

'ఐరన్ మ్యాన్', 'ది డార్క్ నైట్' ఒకే ఏడాది, 2008లో వచ్చాయి. అప్పటి నుంచి ఈ తరహా చిత్రాలను వరుసగా చూస్తున్న ప్రేక్షకుడిగా అడుగుతున్నాను. వీటిలో చాలా వాటికి కథ ఎటు నడుస్తుందో మొదటి పావుగంటలోనే తెలిసిపోతోంది. నాయకుడికి శక్తి రావడం, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడం, అదే శక్తి ఉన్న దుర్మార్గుడు ఎదురుకావడం, చివరకు నగరం సగం కూలడం. అయినా అప్పుడప్పుడు ఒక చిత్రం ఇదే సామగ్రితో కొత్తగా తోస్తుంది. 'లోగన్' (2017) వెస్టర్న్ చిత్రాల బాణీని, 'ది బ్యాట్‌మ్యాన్' (2022) నేరపరిశోధన కథల బాణీని తీసుకున్నాయి కాబట్టి, వేరొక తరహా చిత్రంతో కలపడమే ఈ కొత్తదనానికి మూలమని నాకనిపిస్తోంది. మీరు అంగీకరిస్తారా? ప్రకటించిన సీక్వెల్స్‌లో దేనికి అలాంటి అవకాశం ఉందనుకుంటున్నారు?

సమాధానం: పాతరీలు

తెరచాటు గారూ, అలా కలపడం పైకి కనబడే వేషం మాత్రమేనని నా అభిప్రాయం. వెనిస్ ఉత్సవంలో 2019లో స్వర్ణ సింహం గెలుచుకున్న 'జోకర్'కు 2024లో వచ్చిన కొనసాగింపు, మొదటి భాగంలో లేని పాటలనూ కోర్టు విచారణనూ తెచ్చి కలిపింది. అయినా ప్రేక్షకులు దాన్ని ఆదరించలేదు.

నాకు కొత్తగా తోచిన చిత్రాలన్నింటిలోనూ నాయకుడి శక్తికి లొంగని సమస్య ఒకటి కథ నడుమ తిష్ఠ వేసి ఉంటుంది. 'లోగన్'లో ఎముకలకు పూసిన లోహమే అతని ఒంటికి విషమైంది. మనసుతోనే ఇతరులను శాసించగల అతని గురువు చార్లెస్ జేవియర్‌కు మెదడు వ్యాధి సోకి, మూర్ఛ వచ్చినప్పుడల్లా చుట్టుపక్కలవారు కదలలేక ఊపిరాడక విలవిలలాడతారు. అందువల్ల ఆ కథలో అసలు శ్రమ పోరాటాల్లో లేదు, ఆ పెద్దాయనకు వేళకు మందు ఇవ్వడంలో, ఎత్తుకుపోయి పడుకోబెట్టడంలో ఉంది. 2025లో జేమ్స్ గన్ తీసిన 'సూపర్‌మ్యాన్'లో కూడా నాకు నచ్చిన ఘట్టం గాలిలో జరిగేది కాదు, విలేకరి లోయిస్ లేన్ ఇంట్లో జరిగే ఇంటర్వ్యూ. బొరావియా అనే దేశం పొరుగుదేశం మీదికి వెళ్తుంటే సూపర్‌మ్యాన్ ఆపాడు. ఎవరిని అడిగి ఆపారు, ఎవరి తరఫున ఆపారు అని ఆమె వరుసగా నిలదీస్తుంటే, భవనాన్ని మోయగలిగినవాడు చిరాకుపడడం తప్ప ఏమీ చేయలేకపోతాడు. అదే చిత్రం చివర్లో నగరం నిలువునా చీలే ఘట్టం మాత్రం మీరు చెప్పిన నమూనాలోదే.

ఆ నమూనాలోని 'అదే శక్తి ఉన్న దుర్మార్గుడు' కూడా దానంతటది పాతబడ్డ సరుకు కాదు. బాసిల్ జోసెఫ్ తీసిన మలయాళ చిత్రం 'మిన్నల్ మురళి' (2021)లో ఒకే రాత్రి ఇద్దరి మీద పిడుగు పడుతుంది. వారిలో రెండోవాడైన షిబుకు కావలసింది లోకం మీద పెత్తనం కాదు, ఏళ్ల తరబడి మనసులో దాచుకున్న ఒక స్త్రీ ప్రేమ. ఊరు ఆ కాస్త సంతోషాన్ని కూడా అతనికి దక్కనివ్వదు. ఆ తరువాత అతను చేసే దారుణాలను సమర్థించలేకపోయినా, గురు సోమసుందరం ముఖం చూస్తుంటే అతన్ని పూర్తిగా ద్వేషించడానికి మనసొప్పదు.

సమాధానం: గీతల గారడీ

పాతరీలు గారి వాదన సరైనదే గాని, అందులో కథ ఉంది, తెర లేదు. 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్' (2018) కథను కాగితం మీద పెడితే మీరిద్దరూ విసుక్కునే నమూనాకు పెద్ద దూరంలో ఉండదు. దాని కొత్తదనం బొమ్మలో ఉంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చిత్రంలో కొత్తగా స్పైడర్‌మ్యాన్ అయిన కుర్రవాడు మైల్స్‌ను తొలి ఘట్టాల్లో రెండు ఫ్రేములకు ఒక భంగిమ చొప్పున కదిలించారు. అడవిలో అతని పక్కనే ఊగుతూ వెళ్లే పాత స్పైడర్‌మ్యాన్ పీటర్ మాత్రం ఫ్రేముకొక భంగిమతో సాఫీగా సాగిపోతాడు. ఒకరికి విద్య ఇంకా పట్టుబడలేదనీ మరొకరికి అది కొట్టినపిండి అనీ ఎవరూ చెప్పకుండానే కంటికి తెలుస్తుంది. 2023 నాటి రెండో భాగంలో మైల్స్ స్నేహితురాలు గ్వెన్ లోకం నీటిరంగుల చిత్రంలా ఆమె మనఃస్థితిని బట్టి కరిగి, రంగు మారుతూ ఉంటుంది.

మూడో భాగమైన 'బియాండ్ ద స్పైడర్‌వర్స్' 2024 మార్చిలో రావలసినది 2027కు జరిగింది. ప్రతి స్పైడర్‌మ్యాన్ కథలోనూ ఆత్మీయుడైన ఒక పోలీసు కెప్టెన్ మరణించక తప్పదని రెండో భాగంలో మరో లోకపు స్పైడర్‌మ్యాన్ మిగెల్ ఒహారా అంటాడు, మైల్స్ తండ్రి కెప్టెన్ కాబోతున్నాడు. తండ్రి బతుకుతాడనే నా అంచనా. అయితే ఊరికే బతికిస్తే రెండో భాగం మొత్తం ఉత్త బెదిరింపుగా మిగిలిపోతుంది. తండ్రిని కోల్పోయి ప్రౌలర్ అనే ముసుగు దుర్మార్గుడిగా మారిన మరో లోకపు మైల్స్‌ను అందుకే చివర్లో ప్రవేశపెట్టి ఉంటారు. తనకు దక్కనిది ఇంకొకడికి దక్కడానికి ఆ కుర్రవాడు సాయపడతాడా, అడ్డుపడతాడా అన్న దగ్గరే ఆ చిత్రం బరువంతా ఉంటుందని ఊహిస్తున్నాను.

సమాధానం: వానరాత్రి

నా ఆశ దర్శకుడు మ్యాట్ రీవ్స్ మీద ఉంది. 'ది బ్యాట్‌మ్యాన్' రెండో భాగాన్ని 2027 అక్టోబరుకు ప్రకటించారు. మొదటి భాగం చివర ఆర్కమ్ మానసిక చికిత్సాలయం గదిలో నవ్విన బ్యారీ కియోగన్ జోకర్ పాత్ర కోసం చాలామంది ఎదురుచూస్తున్నారు గాని, జోకర్‌ను మళ్లీ ముందుకు తేవడం నాకు ఇష్టం లేదు. హీత్ లెడ్జర్, వాకీన్ ఫీనిక్స్ ఇద్దరూ ఆ పాత్రకే ఆస్కార్ అందుకున్నారు, పోలిక తప్పదు. అంతకంటే మంచి విత్తనం మొదటి భాగంలోనే ఉంది. బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనక ఉన్న బ్రూస్ తండ్రి, ఒక విలేకరి నోరు మూయించమని మాఫియా నాయకుడు ఫాల్కోనీని అడిగాడు, ఫాల్కోనీ ఏకంగా హత్యే చేయించాడు. ఆ విలేకరి ఇంటిపేరు ఇలియట్. కామిక్స్‌లో హష్ అనే ప్రతినాయకుడి ఇంటిపేరు కూడా అదే, పైగా అతను బ్రూస్ చిన్ననాటి స్నేహితుడు. ఆ కుటుంబంలో ఎవరైనా లెక్క అడగడానికి వస్తే, బ్యాట్‌మ్యాన్ విచారించవలసిన నేరం తన ఇంట్లోనే మొదలవుతుంది. పాతరీలు గారు చెప్పిన 'లొంగని సమస్య' ఇంతకంటే ఏముంటుంది?

ఇక 'అవెంజర్స్: డూమ్స్‌డే'ను 2026 డిసెంబరుకు ప్రకటించారు. 'ఎండ్‌గేమ్' (2019)లో టోనీ స్టార్క్ (ఐరన్ మ్యాన్)గా మరణించిన రాబర్ట్ డౌనీ జూనియర్ ఇందులో ముసుగు ధరించే ప్రతినాయకుడు డాక్టర్ డూమ్‌గా వస్తున్నారు. పాత నటులను పిలవడం దానంతటది తప్పు కాదు. 'నో వే హోమ్' (2021) ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లను ఒకచోట చేర్చి చప్పట్లు కొట్టించుకుంది, కానీ చివర్లో లోకమంతా పీటర్‌ను మరచిపోవడం వల్లే మనసులో నిలిచింది. ఇక్కడ కూడా, స్టార్క్ పక్కన నిలబడి పోరాడిన థోర్ అదే ముఖం మీదికి ఆయుధం ఎత్తవలసి వస్తే ఆ ఎంపికకు అర్థం ఉంటుంది. సినిమా అంతా ముసుగు తీయకపోతే మాత్రం అది ప్రకటన రోజు కేరింతలకు తప్ప దేనికీ పనికిరాదు.

స్పందన: తెరచాటు

వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. పాతరీలు గారూ, మీరు వేషమన్నదీ సమస్య అన్నదీ రెండు వేరు విషయాలని నేను అనుకోను. నేరపరిశోధన కథలో పరిశోధకుడు నిజం తెలుసుకోగలడే గాని జరిగినదాన్ని మార్చలేడు. వానరాత్రి గారు ఊహించిన ఇలియట్ కథకు బలం అక్కడిదే. తగిన బాణీని ఎంచుకోవడమంటే తగిన అడ్డంకిని ఎంచుకోవడమే కదా. మరి 2027 జులైకి ప్రకటించిన 'సూపర్‌మ్యాన్' కొనసాగింపు 'మ్యాన్ ఆఫ్ టుమారో' గురించి ఎవరూ మాట్లాడలేదేం?

సమాధానం: పాతరీలు

మీ సవరణ బాగుంది, అంగీకరిస్తాను. 'మ్యాన్ ఆఫ్ టుమారో'లో సూపర్‌మ్యాన్, అతని శత్రువు లెక్స్ లూథర్ ఇంకా పెద్ద ముప్పును ఎదుర్కోవడానికి చేతులు కలపవలసి వస్తుందని గన్ స్వయంగా చెప్పారు. ఆ ముప్పు ఎవరన్నది నాకు అంత ముఖ్యం కాదు. మొదటి భాగంలో తను చూసుకుంటున్న కుక్కను ఎత్తుకుపోయి, తనకు అన్నం పెట్టిన ఒక సామాన్యుణ్ని కళ్లెదుటే కాల్చి చంపినవాడితో క్లార్క్ (సూపర్‌మ్యాన్) ఒకే బల్ల దగ్గర కూర్చుంటాడా అన్నది చూడాలి. ఆ హత్యను ఒక్కసారి కూడా ప్రస్తావించకుండా ఇద్దరి మధ్య చతురోక్తులు నడిపిస్తే, ఎంత గొప్ప గ్రాఫిక్స్ ఉన్నా నేను రెండోసారి చూడను.