మట్టి లేని తొట్టిలో పాలకూర వేర్లు కుళ్ళుతున్నాయి, సలహా ఇవ్వగలరా?

నమస్కారం. మేము తిరుపతిలో అద్దె ఇంటి మేడ మీదకు మట్టి మోయలేక, 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా మూతకు ఆరు రంధ్రాలు చేసి, కొబ్బరి పొట్టు నింపిన చిన్న జాలి కుండీలలో పాలకూర, తోటకూర నారు నిలిపి, మోటారు అవసరం లేని నిలవ నీటి పద్ధతిలో (వేర్లు డబ్బాలోని పోషకాలు కలిపిన నీటిలోకి దిగేలా) పెంచుతున్నాము. రెండు వారాలు చక్కగా ఎదిగిన పాలకూర వేర్లు ఇప్పుడు గోధుమ రంగుకు తిరిగి, జిగురుపట్టి, వాసన వస్తున్నాయి. తోటకూర మాత్రం నిలబడే ఉంది. అది ఎండలకు అలవాటు పడిన మొక్క కదా.

మధ్యాహ్నం డబ్బాలోని నీరు 33 డిగ్రీలు దాటుతున్నది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది కనుక, కుళ్ళుకు అసలు కారణం అదేనని నా అనుమానం. డబ్బాకు తడి గోనెసంచి చుట్టి నీడలో ఉంచితే సరిపోతుందా, లేక చేపల తొట్టెలకు వాడే గాలి పంపు పెట్టక తప్పదా?

మరొక చిక్కు మా బోరు నీటిది. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేంత కఠినమైన నీరు అది. పోషకాలు కలిపాక కూడా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) 7.6 చూపుతున్నది, 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలని నిమ్మరసం కలిపితే, రెండు రోజులకే మళ్ళీ పెరుగుతున్నది. ఇటువంటి నీటితో ఆకుకూరలు పండించినవారు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడారా, లేక వాన నీరు కలుపుకున్నారా? ఏ పాళ్ళలో కలపాలో కూడా దయచేసి తెలియజేయగలరు.