కొలోసియం: ఆ పేరు భవనానిదేనా?

ప్రశ్న: రోమ్‌లోని కొలోసియం అంటే లాటిన్‌లో "బ్రహ్మాండమైన కట్టడం" అని చదివాను. నిజమేనా అండీ?

జవాబు: కట్టినవాళ్లు పెట్టిన పేరు కాదండీ అది. క్రీ.శ. 70ల్లో రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ ఈ భవనాన్ని మొదలుపెట్టాడు, 80లో కొడుకు టైటస్ ప్రారంభించాడు. వాళ్ల వంశం పేరు ఫ్లావియన్, అందుకే ఫ్లావియన్ ఆంఫీథియేటర్ (చుట్టూ కూర్చుని చూసే వినోదశాల) అంటారు. అంతకుముందు అక్కడ పాత చక్రవర్తి నీరో తన బంగారు సౌధం కోసం తవ్వించుకున్న చెరువు ఉండేది. దాన్ని పూడ్చి జనానికి వినోదశాల కట్టడం మంచి రాజకీయం!

ఆ సౌధం ముందు నీరో వంద అడుగులు దాటిన కంచు విగ్రహం పెట్టించాడు. గ్రీకులో కొలొస్సోస్ అంటే మొదట్లో ఉత్త విగ్రహమే. గ్రీకుల రోడ్స్ దీవిలోని భారీ సూర్యవిగ్రహం తర్వాత "మహావిగ్రహం" అనే అర్థం స్థిరపడింది. నీరో పోయాక వెస్పాసియన్ ఈ విగ్రహాన్ని సూర్యుడిగా మార్పించాడు. తర్వాతి చక్రవర్తుల్లో హేడ్రియన్ 24 ఏనుగులను కట్టి లాగించి ఆంఫీథియేటర్ పక్కకు చేర్చాడు. కొమ్మోడస్ అయితే దాని తల తీసేసి తన తల పెట్టించాడు. ఎక్కువమంది పండితుల లెక్కలో ఈ విగ్రహం పేరే పక్కనున్న భవనానికి అంటుకుంది. విగ్రహం పోయింది, పేరు ఉంది. మన లక్డీకాపూల్‌లో చెక్క వంతెన ఏదీ?

ప్రశ్న: మరి "కొలోసియం ఉన్నంతకాలం రోమ్ ఉంటుంది, అది పడితే రోమ్ పడుతుంది" అన్న పద్యం?

జవాబు: ఎనిమిదో శతాబ్దపు బీడ్ అనే క్రైస్తవ సన్యాసి పేరుమీద చలామణీలో ఉన్న మాట అది. అందులోని లాటిన్ పదం కొలిసేయుస్, పుంలింగం. భవనాన్ని చెప్పే ఆంఫీథియేట్రుమ్ నపుంసకం. కాబట్టి ఆ మాట విగ్రహం గురించే అయ్యుండాలని చాలామంది వాదన, నాకూ అదే సబబనిపిస్తుంది. ఇప్పుడు గైడ్లందరూ భవనాన్ని చూపించి చెబుతారనుకోండి.

ఇంకొకరు: ఆంఫీథియేటర్‌కు తెలుగు మాట ఉందా? రంగస్థలం అనొచ్చా?

జవాబు: రంగస్థలం అంటే మనకు నాటకం గుర్తొస్తుంది. గ్రీకులో ఆంఫి అంటే రెండు వైపులా, చుట్టూ; థియాట్రోన్ అంటే చూసే చోటు. సగం వలయంగా కూర్చుంటే థియేటర్, చుట్టూరా కూర్చుంటే ఆంఫీథియేటర్. మెట్లున్న ప్రతి ఆరుబయలు వేదికకూ ఈ పేరు పెట్టేస్తున్నారు, అది వేరే గోల. నేనైతే ఆంఫీథియేటర్ అనే రాస్తాను. లోపల పోరాటాలు జరిగే చోటు, అరీనాకు మాత్రం తెలుగు వెతుక్కోనక్కర్లేదు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం ఇసుక, నెత్తురు పీల్చుకోవడానికి పరిచేవారు. మనకు బరి ఉంది, గోదా ఉంది. "గోదాలోకి దిగారు" అని ఎన్నికల వార్తల్లో రోజూ రాస్తూనే ఉన్నాం కదా.