యాభై రెండేళ్లకు ముఖానికి ఇన్ని రాయాలా?

తొలిజాము:
నాకు 52. నెలసరి ఆగి ఏడాదిన్నర అయింది. మొన్నమొన్నటిదాకా ముఖం జిడ్డని ఏడ్చేదాన్ని. ఇప్పుడు కడుక్కుని తుడుచుకునేలోపే చెంపలు లాగేస్తున్నాయి. రాత్రిళ్లు పిక్కలు, మోచేతులు ఒకటే దురద. మా అమ్మాయి ఒక చీటీ రాసిచ్చింది. పొద్దున ఫేస్‌వాష్, విటమిన్ సి సీరం, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. రాత్రికి రెటినాల్ (ఏ విటమిన్ రకం క్రీమ్), కళ్ల కింద వేరే క్రీమ్, మెడకు ఇంకోటి. మొత్తం ఏడు. నేను గడప దాటని రోజులే ఎక్కువ. వీటిలో ఏది తప్పనిసరి, ఏది కొట్టేయొచ్చు?

నిండుకుండ:
మాయిశ్చరైజర్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ కొట్టేయండి. నాకు 58. మీకున్న దురదే నాకూ ఉండేది, గీరి గీరి రక్తాలు వచ్చేవి. సబ్బు మానేశాను. నురగ పెద్దగా రాని క్లెన్సర్ వాడతాను, అదీ అవసరమున్న చోటే. నీళ్లు గోరువెచ్చగా పెట్టుకుని, ఒళ్లు పూర్తిగా ఆరకముందే గ్లిజరిన్, సెరమైడ్‌లు (చర్మంలో తేమను నిలిపే కొవ్వులు) ఉన్న క్రీమ్ పూస్తాను. పడుకునే ముందు పిక్కలకు పెట్రోలియం జెల్లీ. రెండు వారాల్లో తగ్గింది. కంటి క్రీమ్, మెడ క్రీమ్ అంటారా, దాదాపు అదే ముద్దను చిన్న డబ్బాలో పెడతారు, అంతే. ఇంట్లో కూర్చునే మనిషికి సన్‌స్క్రీన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ వయసులో మన ముఖం ఎవరు చూస్తారండీ, హాయిగా ఉండక.

పొడిగాలి:
తడి ఆరకముందే పూయడం నిజం. ఆరాక పూస్తే సగం వృథా.

రెండువేళ్లు:
నిండుకుండ గారూ, మొదటి సగానికి దండం పెడతాను. ఆ సన్‌స్క్రీన్ మాట దగ్గరే ఆగిపోయాను. ఎండలో రెండు రకాల అతినీలలోహిత (యూవీ) కిరణాలున్నాయి. చర్మాన్ని కాల్చే యూవీబీని మామూలు కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది. యూవీఏని అంతగా ఆపదు. అది లోపలిదాకా దిగి, చర్మాన్ని బిగుతుగా నిలిపే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తినేస్తుంది. ముడతలు ఎక్కువగా దాని పనే. 2012లో అమెరికా వైద్య పత్రిక ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక ఫొటో వచ్చింది. 69 ఏళ్ల మనిషి, 28 ఏళ్లు సరుకుల లారీ నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప మడతలు పడి వేలాడుతోంది. కుడి చెంప చూస్తే పదేళ్లు చిన్నవాడిదేమో అనిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే ముఖం. తేడా అంతా అద్దంలోంచి వచ్చిన ఎండే. ఇంట్లో ఉన్నా ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత సన్‌స్క్రీన్ రాయాలి. ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు, అది యూవీబీని 97 శాతం దాకా ఆపుతుంది. 50 అన్నా 98 శాతమే, ఆ అంకెకు మురిసిపోనక్కర్లేదు. యూవీఏని కూడా ఆపుతుందని డబ్బా మీద ఉందో లేదో చూసుకోండి.

నిండుకుండ:
తొలిజాము గారు లారీ తోలతారా?

తొలిజాము:
తోలను. కానీ నా కుట్టుమిషన్ కిటికీ పక్కనే ఉంది. రోజూ నాలుగైదు గంటలు అక్కడే.

రెండువేళ్లు:
చూశారా!

నిండుకుండ:
ఏం చూడాలి? ఆయన కూర్చున్నది ఎండకు ఎదురుగా, 28 ఏళ్లు. ఈవిడ కిటికీ ఏ దిక్కున ఉందో కూడా మీరు అడగలేదు. ఒక్క లారీ ఆయన ఫొటో చూపించి ప్రపంచంలో ఆడవాళ్లందరికీ రోజూ పూత వేయిస్తున్నారు.

చిట్టిచీమ:
సన్‌స్క్రీన్ రాస్తే డి విటమిన్ తగ్గదా? ఎవరైనా చెప్పండి.

రెండువేళ్లు:
ఒక్క ఫొటో కాదమ్మా. ఆస్ట్రేలియాలో 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. ఫలితం 2013లో బయటికొచ్చింది. కొందరిని రోజూ రాయమన్నారు, మిగతావాళ్లను తోచినప్పుడు రాసుకోమన్నారు. రోజూ రాసినవాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువ. ఇక మన వయసు సంగతి. నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలోనే చర్మంలో కొల్లాజెన్ 30 శాతం దాకా పోతుందని చర్మ వైద్యులు చెబుతారు, ఆ తర్వాత ఏడాదికి రెండు శాతం చొప్పున. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గితే నూనె తగ్గుతుంది, తేమ నిలవదు, చిన్న గీరుడు కూడా మానడానికి టైమ్ పడుతుంది. లోపలి నుంచే ఇంత కరుగుతుంటే పైనుంచి ఎండను కూడా ఎందుకు తిననివ్వాలి? నా లెక్కలో రాత్రి రెటినాల్ కూడా కావాలి. పోయిన కొల్లాజెన్‌ను కొంతైనా తిరిగి పుట్టిస్తుందని ఆధారం ఉన్న కొద్దిపాటి వాటిలో అదొకటి.

కళ్లజోడు:
చిన్న సవరణ. ఆ ఆస్ట్రేలియా పరీక్షలో అందరూ 55 లోపువాళ్లే.

నిండుకుండ:
అదండీ సంగతి! నాకు 58. ఆ లెక్కలో నేను లేనే లేను. పైగా ఆస్ట్రేలియా అంటే ఎక్కువమంది తెల్లతోలువాళ్లు. వాళ్ల చర్మం వేరు, మనది వేరు.

రెండువేళ్లు:
చామనఛాయకు ముడతలు ఆలస్యంగా వస్తాయి, ఒప్పుకుంటాను. కానీ మంగు వస్తుంది కదా? మంగును రెచ్చగొట్టడానికి యూవీ కూడా అక్కర్లేదు, మామూలు వెలుతురు చాలు. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్‌లు వాడమనేది అందుకే. వయసు సంగతా? 2007లో 0.4 శాతం రెటినాల్‌ను ముసలివాళ్ల మీద పరీక్షించారు, వాళ్ల సగటు వయసు 87. ఆరు నెలల్లో సన్నని ముడతలు తగ్గాయి. ఎనభై ఏడుకు పనిచేసింది యాభై ఎనిమిదికి చేయదా?

కళ్లజోడు:
అది ముఖం మీద కాదు. ఎండ తగలని పైచేతి లోపలి వైపు.

నిండుకుండ:
కళ్లజోడు గారూ, మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి.

రెండువేళ్లు:
కళ్లజోడు గారూ, మీరు ఎటువైపు?

కళ్లజోడు:
ఎటూ కాదు. అచ్చయినదాంట్లో ఏముందో చెప్పాను.

మునిమాపు:
మొదటిరోజే రెటినాల్ చెంచాడు తీసి రాశాను. నాలుగో రోజుకి మూతి చుట్టూ పొట్టు. వారానికి రెండుసార్లు, శనగగింజంత, పొడి ముఖం మీద, ముందు మాయిశ్చరైజర్ రాసి. ఇంత తెలుసుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. నిదానంగా వెళ్లేవాళ్లకే అది.

గుమ్మందగ్గర:
మా ఆవిడ ఏమీ రాయదు, అయినా బాగానే ఉంటుంది.

పొడిగాలి:
ఆవిడను అడిగారా ఏమైనా రాస్తుందా అని?

రెండువేళ్లు:
నిండుకుండ గారూ, ఇక సూటిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీకు ఏ ఆధారం చూపించినా ఒక సాకు దొరుకుతుంది. లారీ అంటే కిటికీ దిక్కు అన్నారు. 903 మంది అంటే వయసు, ఆ తర్వాత రంగు. వద్దని ముందే తీర్పు రాసుకుని కూర్చున్నారు. మీరు మానేస్తే మానేయండి, కొత్తగా అడిగినావిడను ఎందుకు చెడగొట్టడం?

నిండుకుండ:
అవును, తీర్పు రాసుకునే కూర్చున్నాను. ఎందుకో వినండి. నాకు 44 ఏళ్లప్పుడు చెంపల మీద మంగు. తెలిసినావిడ ఒక ట్యూబ్ ఇచ్చింది. ఇది ‘తప్పనిసరి’ అక్కా, అందరూ వాడుతున్నారంది. పదిహేను రోజుల్లో ముఖం అద్దంలా మెరిసింది. ఎవరు కనబడినా అదే మెచ్చుకోలు. ఎనిమిది నెలలు వాడాను. ఆపిన వారానికి ముఖం నిప్పుల్లో పెట్టినట్టు మంట. తోలు పలచబడి ఎర్రటి నరాలు సాలెగూడులా తేలాయి. బుగ్గల మీద నూగు మొలిచింది. అందులో స్టెరాయిడ్ ఉందని స్కిన్ డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. ఆపితే మండుతుంది, రాస్తే తగ్గుతుంది, అలా అలవాటు పడిపోతుందట చర్మం. మామూలు మనిషిని కావడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలలు నన్ను చూసిన ప్రతివాళ్లూ నా కళ్లలోకి కాదు, బుగ్గల వైపు చూసి మాట్లాడారు. మీకేం తెలుసు! ‘ఎవరు చూస్తారు’ అన్నది నాకు ఏడుపు మాట కాదు. ఎవరూ చూడకపోవడం ఎంత సుఖమో నాకు తెలుసు. అందుకే ఏడు సీసాల చీటీ చూస్తే ఒళ్లు మండుతుంది. ముందు నీ ముఖంలో ఫలానాది లోపం అంటారు, తర్వాత దానికి మందు అంటారు.

మునిమాపు:
అయ్యో అక్కా.

రెండువేళ్లు:
మీకు జరిగింది ఘోరం, కాదనను. కానీ ఆ ట్యూబూ సన్‌స్క్రీనూ ఒకటేనా? ఆ కోపం ఈ డబ్బా మీద చూపిస్తే ఎలా?

నిండుకుండ:
మీకు చూపించడానికి అంకెలున్నాయి, నాకు నా ముఖం ఉంది.

రెండువేళ్లు:
నాకూ ఒక ముఖం ఉందండీ, మా అమ్మది. ముక్కు పక్కన నల్లపూసంత పొక్కు వచ్చింది. అప్పుడప్పుడూ చెక్కు కట్టి ఊడేది, కాస్త రక్తం, మళ్లీ చెక్కు. రెండేళ్లు అలాగే ఉంది. అడిగితే ‘ఈ వయసులో నా ముఖం ఎవరు చూస్తారే’ అనేది. అచ్చం మీరన్న మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. చివరికి చూపిస్తే బేసల్ సెల్ కార్సినోమా అన్నారు. చర్మ క్యాన్సర్లలో ప్రాణానికి అంతగా ముప్పు లేనిదే. కానీ అప్పటికి ముక్కు రెక్క తీసేసి, చెవి వెనక తోలు తెచ్చి అతకాల్సి వచ్చింది. తను అన్నట్టే జరిగింది, ఎవరూ చూడలేదు. వారానికోసారి వెళ్లి ఎదురుగా కూర్చుని వచ్చిన నేను కూడా చూడలేదు. అందుకే మీ మొదటి పోస్టులో ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. కిటికీ, లారీ, అన్నీ ఆ తర్వాత వెతుక్కున్నవే.

నిర్వాహకురాలు:
ఇద్దరూ కాసేపు నీళ్లు తాగండి. పోస్టులు తీసేయడం లేదు.

నిండుకుండ:
రాత్రంతా ఆలోచించాను. అమ్మగారి విషయం చదివి బాధ వేసింది. కానీ రెండువేళ్లు గారూ, ఆవిడకు ఆ రెండేళ్లలో కావలసింది సన్‌స్క్రీన్ కాదు. ఎవరో ఒకరు ముఖాన్ని వెలుతురులోకి తిప్పి చూడటం. నెలకోసారి అద్దం ముందు నిలబడి ముఖం, మెడ, చెవుల వెనక, అరికాళ్లు చూసుకోమనండి, వెంటనే ఒప్పుకుంటాను. కొత్తగా వచ్చిన మచ్చ, ఆకారమో రంగో మారుతున్న పుట్టుమచ్చ, నెల దాటినా మానని పుండు ఉంటే డాక్టర్‌కు చూపించాలి. దీనికి సీసా అక్కర్లేదు.

రెండువేళ్లు:
అరికాళ్లు అనడం మంచిదైంది. ముదురు రంగు చర్మంలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది, అక్కడ ఏ సన్‌స్క్రీనూ ఆపదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోరు కింద మొదలైంది. 1981లో పోయినప్పుడు అతనికి 36 ఏళ్లే. సరే, అద్దం అన్నిటికంటే ముందు. ఇదైతే మీదే గెలుపు.

నిండుకుండ:
గెలుపేముంది ఇందులో. బయటికి వెళ్లినప్పుడు టోపీ, గొడుగు నేనూ వాడతాను. రాస్తే నా చెంపలు మండుతాయి, అదే నా బాధ.

పొడిగాలి:
జింక్ ఆక్సైడ్ ఉన్నవి మంట తక్కువ. ముందు చెవి కింద కొంచెం రాసి నాలుగు రోజులు చూడండి.

నిండుకుండ:
చూస్తాను. మాట మాత్రం ఇవ్వను.

చిట్టిచీమ:
డి విటమిన్ గురించి ఎవరూ చెప్పలేదు.

కళ్లజోడు:
మామూలుగా మనం రాసుకునే తీరుకు లోపం వస్తుందని తేలలేదు. అనుమానం ఉంటే రక్తపరీక్ష.

తొలిజాము:
అందరికీ థ్యాంక్స్. చీటీలో కంటి క్రీమ్, మెడ క్రీమ్, సీరం కొట్టేశాను. రెటినాల్‌ను చలికాలం పోయాక చూద్దామని పక్కన పెట్టాను, ముందు ఈ దురద తగ్గనీ. మాయిశ్చరైజర్, నురగ రాని ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్ ఉంచాను. నిజం చెప్పొద్దూ, ఆ చీటీ చూసి మా అమ్మాయితో రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నేను ముసలిదాన్నయిపోయానని చెబుతోందనుకున్నాను. రెండువేళ్లు గారి పోస్టు దానికి చదివి వినిపించాను. నిన్న సాయంత్రం నా వీపు మీది పుట్టుమచ్చలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకుంది.

రెండువేళ్లు:
బంగారు తల్లి. కిటికీ దగ్గర కూర్చునేటప్పుడు రెండు వేళ్లు మర్చిపోకండి.

నిండుకుండ:
మళ్లీ కిటికీ! కిటికీకి ఒక తెర వేస్తే సరిపోయేదానికి ఇన్ని పోస్టులు రాయించారు.

తొలిజాము:
తెర వేస్తే సూదిలో దారం ఎక్కించలేనండీ. ఈ వయసులో కళ్లది ఇంకో గోల.