ఉబుంటులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు నడుస్తాయా?

విశాఖ డాబాగార్డెన్స్‌లో మాది డీటీపీ షాపండి, పాత శుభలేఖల ఫైళ్ళన్నీ పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌లోనే, 'అను' అనే తెలుగు ఫాంట్లతో ఉన్నాయి, కొత్త సిస్టమ్‌లో విండోస్ బదులు ఉబుంటు (లినక్స్) వేయించాను, వైన్‌లో (విండోస్ సాఫ్ట్‌వేర్లను లినక్స్‌లో నడిపే ప్రోగ్రామ్) ఎవరైనా నడుపుతున్నారా?

జవాబు 1: 2001 నాటి 32 బిట్ సాఫ్ట్‌వేరే కదా అన్నా, వైన్‌లో 32 బిట్ ప్రిఫిక్స్ (వైన్ విండోస్ ఫైళ్ళు పెట్టుకునే ఫోల్డర్) విడిగా చేసి విండోస్ వెర్షన్ ఎక్స్‌పీ అని పెట్టి చూడు. ఫైలు తెరుచుకోవడం ఒక ఎత్తు, తెలుగు టైపింగ్ ఇంకో ఎత్తు, అను ఫాంట్లలో టైప్ చేయించే అను కీబోర్డ్ మేనేజర్ దగ్గరే పేచీ రావచ్చు.

జవాబు 2: ఎందుకొచ్చిన గోలండీ, ఎక్స్‌పీ సీడీ, లైసెన్సు ఉంటే వర్చువల్‌బాక్స్‌లో (ఉబుంటు లోపలే ఇంకో కంప్యూటర్‌లా విండోస్ నడిపేది) వేసేయండి. నెట్ మాత్రం ఇవ్వకండి, 2014లోనే దానికి సపోర్ట్ ఆపేశారు.

జవాబు 3: ఊరికే చూసుకోడానికైతే లిబ్రేఆఫీస్ డ్రా చాలు, 4.4 వెర్షన్ నుంచి పీఎండీ (పేజ్‌మేకర్) ఫైళ్ళు తెరుస్తుంది, లేఅవుట్ కాస్త చెదురుతుంది అనుకోండి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లలో తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కాదు కాబట్టి ముందు ఆ ఫాంట్లు ఉబుంటులోకి కాపీ చేయండి, లేదంటే పెళ్ళికొడుకు పేరు బదులు ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది 😄

అడిగినాయన: సరేనండి, ముందు వర్చువల్‌బాక్సే చూస్తా, సీడీ అటక మీద ఉండాలి.