ఫోన్‌లో మాట్లాడుతున్న కొనుగోలుదారుకు బిల్లు వేయకుండా ఆపవచ్చా?

వాల్తేరు వాసి:

దుకాణంలో డబ్బు కట్టే చోటికి వచ్చాక కూడా ఫోన్ సంభాషణ కొనసాగించే కొనుగోలుదారుకు, ఆ మాటలు ముగిసేవరకు బిల్లు వేయకుండా ఆపే అధికారం అక్కడ పనిచేసేవారికి ఉండాలా, ఉండకూడదా అన్నది నా ప్రశ్న. 2013 జూలైలో లండన్ శివార్లలోని క్రేఫర్డ్‌లో, సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్‌లో ఒక ఉద్యోగిని సరిగ్గా ఈ పనే చేశారు. ఫోన్ పెట్టేస్తేనే సరుకులకు బిల్లు వేస్తానన్నారు. కొనుగోలుదారు ఫిర్యాదు చేయగా సంస్థ క్షమాపణ చెప్పి 10 పౌండ్ల విలువైన వోచర్లు ఇచ్చింది. అయితే ఆ వార్త చదివినవారిలో చాలామంది ఉద్యోగిని పక్షానే మాట్లాడారు.

విశాఖలో ఇది ఏ దుకాణానికి వెళ్లినా కనిపించే విషయమే. సీతమ్మధార రైతుబజారులో బెండకాయలు తూచే రైతు "అరకిలోనా, కిలోనా" అని అడిగితే చెవి దగ్గర ఫోన్ తీయకుండా వేళ్లు చూపిస్తారు. ఆ వేళ్లకు అర్థమేమిటో ఆయనే ఊహించుకోవాలి, ఊహ తప్పితే మాట కూడా ఆయనే పడాలి. మనకు సేవ చేస్తున్న మనిషి మొహం కూడా చూడకుండా సరుకు తీసుకుని వెళ్లిపోవడం అవమానమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందువల్ల ఆపే అధికారం ఉండాలన్నదే నా పక్షం. మందలించనక్కరలేదు, వెనుక ఉన్నవారిని ముందుకు పిలిస్తే చాలు.

గాజువాక ఫార్మసిస్టు:

మర్యాద మాట ఇతరులు చర్చించవచ్చు. నేను మందుల షాపులో నిలబడేవాడిని, నాకిది రోగి క్షేమానికి సంబంధించిన విషయం. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం మందు ఇచ్చేటప్పుడు దాన్ని ఎలా వాడాలో రోగికి వివరించడం మా విధి. షెడ్యూల్ హెచ్1 కింద ఉన్న మందులకు, అంటే కొన్ని యాంటీబయాటిక్‌లకు, క్షయ మందులకు, అలవాటుగా మారే ప్రమాదమున్న కొన్ని మాత్రలకు, 2014 నుంచి ప్రత్యేక రిజిస్టరు ఉంది. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చామన్నది అందులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. ఎదుటి మనిషి ఫోన్‌లో స్థలం బేరం మాట్లాడుతుంటే రోగి పేరు నేను ఎవరిని అడగాలి?

ఒక ఉదాహరణ చెబుతాను. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీలో ఆ మాట ఉన్నా, మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునేవి కావడంతో దీన్నీ రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నేను ఏ రోజు వేసుకోవాలో అట్ట మీద పెన్నుతో రాసి, "ఏ రోజు వేసుకుంటారు" అని అడిగి, వారి నోటితో చెప్పించుకుంటాను. పిల్లలకు వాడే యాంటీబయాటిక్ పొడి సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకే పోయాలి. ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చిన తరువాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత పడుతుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. వీటిలో ప్రతి ఒక్కటీ అర నిమిషం మాట. ఆ అర నిమిషం ఫోన్ సంభాషణకు పోతే నా మాట గాలికి పోయినట్లే.

మరో చిక్కు కూడా ఉంది. డాక్టరు రాసిన కంపెనీ మాత్ర లేనప్పుడు అదే మందు వేరే కంపెనీది ఇవ్వవచ్చా అని అడుగుతాం. ఫోన్‌లో ఉన్నవారు తల ఊపుతారు. ఆ ఊపు మాకో, ఫోన్‌లోని వారికో తెలియదు. సాయంత్రం వచ్చి వేరే మందు అంటగట్టారని గొడవ పడతారు. అందుకే మందుల షాపులో ఆపడం హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా అంటాను.

నావికుని ఇల్లాలు:

ఫార్మసిస్టు గారు చెప్పినదానిలో మందుల వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ దాన్ని కిరాణా కొట్టుకూ, కూరగాయల దుకాణానికీ సాగదీయడాన్ని ఒప్పుకోలేను. నా భర్త వాణిజ్య నౌకలో పనిచేస్తారు. ఓడ నడిసముద్రంలో ఉన్నప్పుడు ఆయన ఫోన్ ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో మా చేతుల్లో ఉండదు. వచ్చిన ఫోన్‌ను "తరువాత చేయండి" అని పెట్టేస్తే ఆ "తరువాత" ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఓడరేవు ఉన్న ఈ ఊరిలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. పక్కకు జరిగి మాట్లాడమంటే జరుగుతాను, కానీ వరుసలో నా స్థానం పోయి మళ్లీ చివరికి వెళ్లమంటే అది శిక్ష అవుతుంది.

ఇంకొకటి కూడా ఆలోచించండి. కౌంటర్ దగ్గర వచ్చే ఫోన్లన్నీ కబుర్లు కావు. కొత్తగా కాపురం పెట్టిన కుర్రవాడు మినపగుండ్లు తీసుకోవాలో, పొట్టు మినప్పప్పు తీసుకోవాలో తల్లిని అడుగుతుంటాడు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత ఫోనే డబ్బుల సంచి అయింది. స్మార్ట్‌ఫోన్ వాడలేని పెద్దావిడ ఇంకొకరి చేత క్యూఆర్ కోడ్ ఫొటో తీయించి హైదరాబాదులో ఉన్న కొడుక్కి పంపుతుంది, డబ్బు పడిందని స్పీకర్ చెప్పేవరకు కొడుకు ఫోన్‌లోనే ఉంటాడు. ఆ సంభాషణ లేకపోతే ఆమెకు సరుకే లేదు. బయటి నుంచి చూసే మీకు ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. దుకాణదారు స్వయంగా ఫోన్‌లో మాట్లాడుతూ మనల్ని నిలబెట్టడం గురించి ఇక్కడ ఎవరూ ఒక్క మాటా అనలేదు. నియమం పెడితే ఇద్దరికీ పెట్టాలి.

బిల్లింగ్ కౌంటర్:

నేను ద్వారకానగర్ వైపు ఒక పెద్ద దుకాణంలో బిల్లులు వేస్తాను. ఆపే అధికారం మాకు ఇవ్వాలని మీరంటున్నారు. ఆపిన మరుక్షణం ఫిర్యాదు ఎవరి మీద వస్తుందో ఆలోచించారా? మేనేజరు కొనుగోలుదారు మాటే వింటారు. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించాల్సి వచ్చిందంటే మా స్థానం ఏమిటో అర్థం చేసుకోండి. రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయి, బ్రాండెడ్ సంచి పట్టుకున్న ఆవిడతో "ఫోన్ పెట్టండి" అని ఎలా అనగలదు? కార్డా, యూపీఐనా, సంచి కావాలా, ఫోన్ నంబరు చెప్పండి అని నాలుగు ప్రశ్నలు అడగాలి. జవాబు రాకపోతే వెనుక ఉన్నవారు విసుక్కునేది నా మీదే. కాబట్టి ఆ అధికారం నాకు వద్దు. యజమాని తన పేరు మీద ఒక బోర్డు పెట్టాలి. అప్పుడు నేను ఏమీ అనకుండా దాన్ని చూపిస్తే సరిపోతుంది.

వాల్తేరు వాసి:

బిల్లింగ్ కౌంటర్ గారి మాటతో నా అభిప్రాయంలో ఒక భాగం మారింది. ఆపే అధికారం ఉద్యోగికి ఇస్తే ఆ భారం కూడా ఉద్యోగి నెత్తినే పడుతుందని నాకు తట్టలేదు. క్రేఫర్డ్‌లో కూడా ముందుగా రాసిపెట్టిన నియమం ఉండి ఉంటే ఉద్యోగిని ఒంటరిగా నిలబడవలసి వచ్చేది కాదు. అయితే నావికుని ఇల్లాలు గారితో ఒక విషయంలో విభేదిస్తాను. కబుర్లు కాని ఫోన్లు ఉన్నాయన్నది నిజమే, కానీ కబుర్లే ఎక్కువ. కొడుకుతో డబ్బు కట్టించే పెద్దావిడ అమ్మేవారి వైపు చూస్తూనే మాట్లాడుతుంది, "ఒక్క నిమిషం బాబూ" అని కూడా అంటుంది. నా ఫిర్యాదు ఆమె మీద కాదు. అమ్మే మనిషి అక్కడ లేనట్లే ప్రవర్తించేవారి మీద.

గాజువాక ఫార్మసిస్టు:

అయితే మా షాపు ముందు పెట్టడానికి ఇలా రాశాను, సవరణలుంటే చెప్పండి: "మందులు తీసుకునేటప్పుడు దయచేసి ఫోన్ సంభాషణ ఆపండి. ముఖ్యమైన ఫోన్ అయితే పక్కన నిలబడి మాట్లాడండి, మీ వంతు మీకే ఉంటుంది. మేమూ కౌంటర్ దగ్గర ఫోన్ మాట్లాడము. - యజమాని."

నావికుని ఇల్లాలు:

డబ్బు చెల్లించడానికీ, చీటీలోని మందు గురించి డాక్టరునో ఇంటివారినో అడగడానికీ ఫోన్ వాడవచ్చని మరో వాక్యం చేర్చండి. దానితో నాకు సమ్మతమే.