కొత్త మాల్‌లో షాపు పెట్టాను, పై అంతస్తుకి జనం రావడం లేదు. ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. పన్నెండేళ్లు బీసెంట్ రోడ్డు పక్క సందులో పిల్లల బట్టల కొట్టు నడిపాను. ఆర్నెల్ల కిందట ఊరి చివర హైవే పక్కన కట్టిన కొత్త మాల్‌లో, రెండో అంతస్తులో షాపు తీసుకున్నాను. మల్టీప్లెక్స్, పెద్ద సూపర్‌మార్కెట్ వస్తాయన్నారు. ఇప్పటికీ రెండూ తెరవలేదు.

ఆదివారం జనం వస్తారు. ఏసీలో కాసేపు తిరిగి, ఎస్కలేటర్ దగ్గర ఫొటోలు దిగి, కింద నుంచి కిందే వెళ్లిపోతారు. మొన్న ఒకావిడ గౌను చేతిలోకి తీసుకుని, చీటీ మీద ధర చూసి, "బీసెంట్ రోడ్డులో అయితే బేరమాడొచ్చండీ" అని మళ్లీ హ్యాంగర్‌కే తగిలించి వెళ్లింది. మామూలు రోజుల్లో సాయంత్రం 6 దాటినా బోణీ కాదు. సిటీ బస్సు మాల్ ముందు ఆగదు, బండి పెడితే పార్కింగ్ 30 రూపాయలు. అమ్మకం ఉన్నా లేకున్నా అద్దె, దాని మీద మెయింటెనెన్స్ కట్టాల్సిందే.

పెద్ద షాపు ఒక్కటైనా తెరిస్తే తప్ప మాలాంటి చిన్నవాళ్ల దాకా జనం రారనిపిస్తోంది. మాల్‌లో వ్యాపారం చేసినవాళ్లు చెప్పండి: అప్పటిదాకా అద్దె బదులు అమ్మకంలో వాటా తీసుకోమంటే మాల్ వాళ్లు ఒప్పుకుంటారా? అగ్రిమెంటులో మూడేళ్ల లాకిన్ ఉంది, అంటే అప్పటిదాకా ఖాళీ చేయకూడదన్న షరతు. ముందే ఖాళీ చేస్తే అడ్వాన్సు పోయినట్టేనా? దసరా సరుకు తెప్పించాలా వద్దా ఈ వారంలోనే తేల్చుకోవాలి.