యాసంగి నారుకు చలి దెబ్బ: వడ్లను మందు నీళ్లలో నానబెడితే లాభముందా?

కోరుట్ల రైతు:
డిసెంబర్ చివర్లో నారు పోస్తే మా దగ్గర చలికి ఎదగడం ఆగిపోతుంది. ఆకులు పసుపెక్కి కొసలు ఎండుతాయి. ఈసారి విత్తనాల దుకాణంలో ఒక పొడి చూపించారు. వడ్లు ఆ నీళ్లలో నానబెడితే నారు చలికి తట్టుకుంటుందట. ధర తక్కువేం కాదు. తెలిసినవాళ్లు చెప్పండి.

విత్తనశాస్త్ర విద్యార్థి:
కొట్టిపారేయొద్దు అన్నా. వరి వెచ్చని చోట్ల పుట్టిన పంట. బాగా చలి పడితే కణాల చుట్టూ ఉండే పొరలోని కొవ్వు బిగుసుకుపోయి, లోపలి లవణాలు బయటికి కారతాయి. గింజలోని పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ మందగిస్తుంది. కాల్షియం క్లోరైడ్, సాలిసిలిక్ ఆమ్లం, కైటోసాన్ లాంటి వాటి పలుచని ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టిన గింజలో మొలకకు ముందు జరగాల్సిన పనులు అప్పటికే మొదలై ఉంటాయి. చలికి జరిగే హానిని తగ్గించే కెటలేజ్ లాంటి ఎంజైములు కూడా పెరుగుతాయి. వరిలో, మక్కలో ఇది ప్రయోగాల్లో తేలిన విషయమే.

బోధన్ వడ్ల రైతు:
తమ్ముడూ, ఆ ప్రయోగాల్లో దేనితో పోల్చారు? చాలావాటిలో ఏమీ చేయని పొడి గింజతో. మేం పొడి గింజ చల్లుతున్నామా? ఒక రోజు నానబెట్టి, గోనె సంచిలో మండె కట్టి, ముక్కు పగిలాక అలుకుతాం. మొలక తొందరగా, ఒక్కతీరుగా వచ్చే లాభం మాకు ఉత్త నీళ్లతోనే దొరుకుతోంది. పైగా మా నష్టం మొలకలో కాదు, రెండు మూడు ఆకుల నారులో. గింజకు పట్టించిన మందు అప్పటిదాకా ఎంత పనిచేస్తుంది?

విత్తనశాస్త్ర విద్యార్థి:
ఉత్త నీళ్లలో నానబెట్టిన గింజను పక్కన పెట్టి చూసిన ప్రయోగాలూ ఉన్నాయి, కొన్నిట్లో ద్రావణమే మెరుగ్గా వచ్చింది. కాకపోతే అవి ఎక్కువగా ఉష్ణోగ్రతను అదుపులో ఉంచిన గదుల్లో చేసినవి. మన మడిలో రాత్రి వణికించే చలి, మధ్యాహ్నం ఎండ. మండె కట్టే పద్ధతిలో అదనపు లాభం తక్కువేనని ఒప్పుకుంటాను. పొడి వెదలో, మక్కలో మాత్రం దీనికి చోటుంది.

అమెరికాలోని అయోవా నుంచి:
ఇక్కడ మక్క వేయడానికి నేల 10 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా ఆగమంటారు. గింజ మొదటి 24 నుంచి 48 గంటల్లో పీల్చే నీళ్లు చల్లగా ఉంటే కణాల పొరలు కుదురుకోకముందే దెబ్బతింటాయి. వరి సంగతి అచ్చం ఇలాగే కాకపోయినా, రాత్రంతా చల్లబడిన తొట్టి నీళ్ల కంటే అప్పుడే తోడిన బోరు నీళ్లలో నానబెట్టడం మేలు. ఇంకో మాట: కార్బండజిమ్ లాంటివి పట్టించేది తెగులుకు, చలికి కాదు. చలికి మొలక ఆలస్యమైతే బూజు పట్టే సమయం పెరుగుతుంది. అందుకే ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు.

బోధన్ వడ్ల రైతు:
ఆ డబ్బు నారుమడి మీద పెట్టన్నా. సాయంత్రం నీళ్లు తీసేసి పొద్దున కొత్త నీళ్లు పెట్టు. రాత్రి కర్రల మీద పట్టా గానీ కుట్టిన యూరియా సంచులు గానీ కప్పి, ఎండ రాగానే తీసెయ్. చలికి వేరు భాస్వరం సరిగా తీసుకోదు, అందుకే యాసంగిలో నారుమడికి దుక్కి భాస్వరం రెట్టింపు వేయమంటారు. జింకు లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కొట్టు. రకం కూడా చూడు, తెల్లహంస చలికి బాగా తట్టుకుంటుంది.

విత్తనశాస్త్ర విద్యార్థి:
అవన్నీ చేయాల్సినవే. ఇంతకీ ఆ ప్యాకెట్ మీద ఏం రాసి ఉంది? మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే ఇలాంటి మందులు, అంటే బయోస్టిమ్యులెంట్లు, 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. లోపల ఏముందో లేబుల్ మీద ఉండాల్సిందే.

కోరుట్ల రైతు:
"మొక్కకు శక్తినిస్తుంది" అని తప్ప ఇంకేం లేదు.

విత్తనశాస్త్ర విద్యార్థి:
అయితే కొనొద్దన్నా. ఏముందో తెలియని పొడిని నేను సమర్థించను.

బోధన్ వడ్ల రైతు:
లేబుల్ ఉన్నది దొరికినా ముందు ఒక్క సంచి వడ్లు రెండుగా పంచి, సగం ఉత్త నీళ్లలో, సగం మందులో నానబెట్టు. ఒకే రోజు, ఒకే మడిలో, మధ్యలో గట్టు వేసి అలుకు. పట్టా రెండిటి మీదా కప్పాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.